రాత్రి ఒకటిన్నరకు వచ్చే ఫోను: క్లాసులో నిద్రపోయే కుర్రాడి కేస్ స్టడీ

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. మా బడికి పూర్తికాలం కౌన్సిలర్ లేరు కాబట్టి పిల్లల బాగోగులు చూసే పని కూడా హెడ్మాస్టరు గారు నాకే అప్పగించారు. అందుకు నాకున్న అర్హత కొన్ని రోజుల శిక్షణ, పద్దెనిమిదేళ్ళుగా పిల్లల మధ్య ఉండటం. ఈ కేసులో మొదటి నాలుగు నెలలు నేను చేసిన పనులు ఫలించలేదు. వాటిలో ఒకటి పిల్లవాడికి కీడే చేసింది. ఏ అడుగులో ఏమనుకుని ఆ పని చేశానో దాచకుండా రాస్తున్నాను. తల్లులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు చదివే బడుల్లో ఇది మరొకరికి ఉపయోగపడుతుందని నా నమ్మకం.

కుర్రాడిని ఇక్కడ చంటి అంటాను. అతనూ, తల్లీ, అమ్మమ్మా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, ఏడాది, గుర్తుపట్టడానికి వీలున్న కుటుంబ వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఇంటి పరిస్థితి

మాది కోనసీమ. ఇక్కడి నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ వెళ్ళడం ఏళ్ళుగా ఉన్నదే. పశ్చిమ గోదావరి నుంచీ, అటు కడప వైపు నుంచీ కూడా వెళ్తారు. ఏజెంటు, ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా, కఫీలు (వీసా ఇచ్చి పిలిపించుకునే యజమాని) అనే మాటలు మా పిల్లలకు ఎనిమిదో తరగతికే తెలుసు. ఇలా ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. అందువల్ల మా ఊళ్ళ నుంచి వెళ్ళేవాళ్ళు చాలావరకు హైస్కూలు వయసు పిల్లల తల్లులే. ఆ ఏడాది నా తరగతిలో 41 మంది ఉంటే ఆరుగురి తల్లులు గల్ఫ్‌లో ఉన్నారు.

చంటి తల్లి సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు కువైట్ విమానం ఎక్కింది. పెద్దకూతురి పెళ్ళికి చేసిన అప్పు తీరాలి. తండ్రి చాలాకాలంగా వేరుగా ఉంటున్నాడు, డబ్బు పంపడు. చంటిని అమ్మమ్మ చూసుకుంటుంది. ఆమెకు అరవై దాటాయి, చెవులు సరిగా వినపడవు. వెళ్ళే ముందు తల్లి ఒక స్మార్ట్‌ఫోన్ కొని కొడుకు చేతిలో పెట్టింది. అమ్మమ్మ దగ్గర బటన్ల ఫోను ఉంది.

ఈ వివరాలన్నీ జూలైలోనే నా రిజిస్టరులో ఉన్నాయి. "తల్లి: కువైట్" అని ఒక గడిలో రాసుకుని పేజీ తిప్పేశాను.

బడిలో కనిపించింది

ఎనిమిదో తరగతిలో చంటి లీడరు. వాలీబాల్ ఆడేవాడు. ఆగస్టు వచ్చేసరికి రెండో పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చడం మొదలైంది. లేపితే ఉలిక్కిపడి లేచేవాడు, చెంప మీద పుస్తకం అంచు అచ్చు పడి ఉండేది. సెప్టెంబరుకు ఆటలు మానేశాడు. చిన్న మాటకే తోటి పిల్లల మీద విసుక్కునేవాడు. మొదటి ఫార్మేటివ్ పరీక్షలో లెక్కల్లో ఎప్పుడూ రానంత తక్కువ వచ్చాయి. హాజరు మాత్రం బాగానే ఉంది. బడికి రావడం ఇష్టం లేని పిల్లవాడి లక్షణం ఇది కాదని అప్పుడే గమనించాల్సింది.

ఇంకో ఆధారం కూడా నా కళ్ళ ముందే ఉంది. ఏ రోజు ఎలా ఉన్నాడో డైరీలో రాస్తూ వచ్చాను. మూడు వారాలు చూస్తే శుక్రవారాలు మెరుగ్గా ఉన్నాడు, నిద్రపోలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆటల పీరియడ్ ఉంటుంది కాబట్టి ఆ హుషారు అనుకున్నాను. ఆటలు మానేసిన పిల్లవాడికి ఆటల పీరియడ్ హుషారు ఎందుకిస్తుందని నన్ను నేను అడగలేదు. చేతికి దొరికిన కారణం సరిపోయినట్టు కనిపిస్తే అక్కడే ఆగిపోవడం నాకు అలవాటు. ఈ కేసు తర్వాతే దాన్ని గుర్తుపట్టాను.

చేసి చూసినవి

మొదట ముందు బెంచీకి మార్చాను. నిద్ర వస్తే బయటికెళ్ళి ముఖం కడుక్కుని రమ్మన్నాను. రెండు వారాల తర్వాత తేడా ఏమిటంటే, ముందు బెంచీలో నిద్రపోవడం అందరికీ కనిపించింది. పిల్లలు పేరు పెట్టారు. మళ్ళీ వెనక్కి పంపేశాను.

తర్వాత రక్తహీనత అనుమానం వచ్చింది. జీవశాస్త్రం టీచరుకు ముందు అదే తోస్తుంది. పీహెచ్‌సీకి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. 12 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకు 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఒక అంకె దొరికింది, దానికి మందు ఉంది, అమ్మమ్మకు చెప్పడానికి ఒక మాట ఉంది. దసరా సెలవులు కలుపుకుని ఏడు వారాలు మాత్రలు వేశాడు. అక్టోబరు చివర మళ్ళీ చూస్తే 12.2 ఉంది. పిల్లవాడు మాత్రం అలాగే నిద్రపోతున్నాడు. రక్తహీనత అబద్ధం కాదు, మందు వేయాల్సిందే. కానీ ఆ అంకె చూశాక ఇంకేమైనా ఉందేమోనని వెతకడం మానేశాను. అలా రెండు నెలలు పోయాయి.

అప్పుడు వాళ్ళ వీధిలో ఉండే ఒక తల్లి, అర్ధరాత్రి దాటాక చంటి అరుగు మీద ఫోన్ వెలుగులో కూర్చుని ఉంటాడని చెప్పింది. స్టాఫ్‌రూమ్‌లో అందరం ఒకే మాట అన్నాం: గేములు. ఆ రోజుల్లో పిల్లలు ఎందుకు చెడిపోతున్నారన్నదానికి మా అందరి దగ్గరా ఉన్న జవాబు ఫోన్. అమ్మమ్మని పిలిపించాను. రాత్రి తొమ్మిదికి ఫోన్ తీసుకుని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయమన్నాను. ఆమె తలూపింది. చంటి పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖం తెల్లబోయింది. నోరు తెరిచి ఏదో అనబోయి మానేశాడు. "గేములు ఆడేవాడికి ఇలాగే ఉంటుంది" అనుకున్నాను. ఆ క్షణంలో "ఏమిట్రా?" అని అడిగి, రెండు నిమిషాలు ఊరుకుని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

తాళం వేశాక

మొదటి మూడు రోజులు బడికి వచ్చాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం ముట్టలేదని వంట ఆవిడ చెప్పింది. నాలుగో రాత్రి ఒంటిగంటకు ఒక స్నేహితుడి ఇంటి తలుపు కొట్టి, ఒక్కసారి ఫోన్ ఇవ్వమని ఏడ్చాడు. ఆ ఇంటాయన అతన్ని చేయి పట్టుకుని అమ్మమ్మ దగ్గర దించి, పొద్దున్నే బడికొచ్చి గొడవ పెట్టుకున్నాడు. ఫోన్ పిచ్చి ముదిరింది, మా పిల్లల్ని కూడా చెడగొడతాడు అన్నాడు. చంటిని హాస్టల్లో వేయించమని అమ్మమ్మకు చెబుదామా అని హెడ్మాస్టరు గారితో మాట్లాడుతున్నాం. అక్కడ ఫోన్ ఉండదు, క్రమశిక్షణ ఉంటుంది అని నేనే అన్నాను.

పదకొండింటికి అమ్మమ్మ వచ్చింది. తెల్లారుజామున తన బటన్ల ఫోనుకి కువైట్ నుంచి మామూలు కాల్ వచ్చిందట. అంత డబ్బు పెట్టి కూతురు ఎప్పుడూ చేయదు. "అమ్మాయి ఒకటే ఏడుపండి మాస్టారు. నాలుగు రోజుల్నుంచి బాబు ఫోనెత్తట్లేదు, వాడికేమైంది అని. రోజూ రాత్రి వాడితో మాట్లాడుద్దంటండి. నాకేం తెల్సండి, నేను పడుకుంటాను కదా."

మనకూ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి పదకొండు అంటే ఇక్కడ ఒకటిన్నర. తల్లి పొద్దున ఆరుకు లేస్తే వంటిల్లు సర్ది తన గదికి చేరేసరికి రాత్రి పదకొండు. పగలు ఫోన్ యజమానురాలి దగ్గర ఉంటుంది. కువైట్ 2015లో చేసిన ఇంటిపనివాళ్ళ చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది. ఆ చట్టం ఉన్నట్టు కూడా ఆమెకు తెలియదు. గురువారం రాత్రి ఆ ఇంటికి చుట్టాలు వస్తారు, ఎందుకంటే అక్కడ శుక్ర శనివారాలు సెలవు. ఆ రాత్రి ఆమెకు తీరిక దొరకదు, ఫోన్ రాదు. నా డైరీలో శుక్రవారాలు బాగున్నది అందుకు.

ఆ మధ్యాహ్నమే తాళం తీయించాను. ముందు పూర్తిగా విచారించి, ఒక ప్రణాళిక వేసి, అప్పుడు ఫోన్ ఇద్దామని ఒక సహోద్యోగి అన్నారు. నేను ఒప్పుకోలేదు. పొరపాటు నాదని తెలిశాక దాన్ని ఇంకో రాత్రి కొనసాగించడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు. పైగా ఫోన్‌ను షరతుగా పెట్టి మాట్లాడిస్తే అతను చెప్పేది నమ్మకంతో చెప్పినట్టు కాదు, బలవంతాన చెప్పినట్టు.

చంటి చెప్పినది

స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెడితే ఈ వయసు మగపిల్లలు మాట్లాడరు. బడి వెనక కూరగాయల మడులు ఉన్నాయి, బెండ మొక్కలకు నీళ్ళు పోయడానికి నాతో రమ్మన్నాను. చేతులకు పని ఉంటే, కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేకపోతే మాట తేలిగ్గా వస్తుంది. ముందు నేనే చెప్పాను: ఫోన్ తాళం వేయించడం నా తప్పు, నిన్ను అడగకుండా చేశాను, మన్నించు అని. అతను ఏమీ అనలేదు. ఆ రోజు ఉత్తి నీళ్ళే పోశాం.

మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాను. నాతో చెప్పేది ఎవరికీ చెప్పను, కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే, ఎవరైనా నిన్ను హింసిస్తున్నారని తెలిస్తే అప్పుడు చెప్పక తప్పదు, అది కూడా నీకు చెప్పాకే చెబుతాను అన్నాను. ఈ గీత ముందే గీయాలి. అంతా విన్నాక, ఇది దాచలేను అంటే పిల్లలు దాన్ని మోసంగానే తీసుకుంటారు.

అప్పుడు అడిగాను: "అమ్మ ఫోన్‌లో ఏం మాట్లాడుతుంది?"

ఒక్క బిందె ఖాళీ అయ్యేదాకా ఆగి చెప్పాడు. తల్లికి మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. వేడినూనె పడి చేయి కాలింది. ఇవి అమ్మమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "రోజూ ఏడుస్తాది మాస్టారు. ఒకసారి అంది, నీతో మాట్లాడకపోతే నేనేమైపోతానో తెలీదురా అని. నేను ఎత్తకపోతే ఏదన్నా చేసుకుంటాదని భయం." తొమ్మిదిన్నరకు పడుకుని, ఒంటిగంటకు అలారం లేకుండానే లేస్తాడు. అరుగు మీద సిగ్నల్ బాగుంటుంది. రెండున్నర దాకా మాట్లాడతాడు, చాలావరకు వింటాడు. తర్వాత మూడున్నర దాకా నిద్ర పట్టదు. ఆరున్నరకు అమ్మమ్మ లేపుతుంది.

ఈ వయసువాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అతనికి ఆరున్నర గంటలు, అదీ రెండు ముక్కలుగా. కానీ నన్ను కలవరపెట్టింది గంటల లెక్క కాదు. పద్నాలుగేళ్ళ కుర్రాడు పది నెలలుగా తల్లి ప్రాణానికి తానే కాపలా అనుకుంటున్నాడు. ఆ కాపలా నాలుగు రాత్రులు నేను చెడగొట్టాను.

చనిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది టీచర్లు భయపడతారు. అది నిజం కాదు. మెత్తగా, తిన్నగా అడిగితే పిల్లలు తేలికపడతారు. చంటి తల అడ్డంగా ఊపాడు. "నేను పోతే అమ్మ ఫోన్ ఎవరెత్తుతారు మాస్టారు?" అన్నాడు. ఈ జవాబు విని నిశ్చింత పడలేదు. అతన్ని నిలబెడుతున్నదీ నలగ్గొడుతున్నదీ ఆ ఒక్క ఫోనే. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు నోట్‌బుక్ వెనక రాయించాను, ఆ నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుందని చెప్పాను. తల్లితో నేను మాట్లాడతానని అనుమతి అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని సరే అన్నాడు.

తల్లితో మాట్లాడటం

ఆమెకు తీరికయ్యేది మనకు ఒకటిన్నరకు. ఆ వేళ ఒక మగ టీచరు ఫోన్ చేస్తే ఊళ్ళో ఒక మాట పుడుతుంది, ఆ ఇంట్లో ఎవరైనా వింటే ఆమెకు ఇంకో చిక్కు. అందుకని హెడ్మాస్టరు గారికి ముందే కాగితం మీద రాసిచ్చాను, మా హిందీ టీచరు గారు కూడా కాల్‌లో ఉండటానికి ఒప్పుకున్నారు. రెండు రాత్రులు మాట్లాడాం. మూడో రోజు పాఠం చెబుతూ మాటలు తడబడ్డాను. రెండు రాత్రులకే నాకలా ఉంటే, పది నెలలు అలా గడిపిన పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి ముఖం కడుక్కోమన్నాను.

మేం ఆమెను ఫోన్ మానమని అడగలేదు. ఆ గంట తీసేస్తే ఆమెకు మిగిలేది ఏమీ లేదు. పిల్లవాడి నిద్ర గురించి చెప్పాం, మార్కుల గురించి చెప్పలేదు. మార్కులంటే తల్లి కొడుకునే తిడుతుంది. "ఏమైపోతానో" అన్న మాట గురించి హిందీ టీచరు గారు అడిగారు. అవతల చాలాసేపు మాట లేదు. "మాటవరసకి అన్నానండి. అలిసిపోయి అన్నాను. వాడు అదే మనసులో పెట్టుకున్నాడా?" అంది. ఆ మాట నిజంగా మాటవరసకేనా అన్నది ఆవిడ మెల్లగా ఇంకా అడిగి తేల్చుకున్నారు. అలాంటి ఉద్దేశం లేదు, ఒంటరితనం మాత్రం భరించలేనంత ఉంది.

అప్పుడు ఒక్కటే కోరాం: ఆ సంగతి మీరే వాడికి చెప్పండి. మేం వంద సార్లు చెప్పినా అతను నమ్మడు. ఆ రాత్రి ఆమె ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. దాన్ని చంటి నాకు వినిపించలేదు, నేనూ అడగలేదు. మర్నాడు ఆటల పీరియడ్‌లో నెట్ దగ్గర నిలబడి ఉండటం చూశాను. ఆడలేదు, నిలబడ్డాడు.

కుదిరినవి, కుదరనివి

ఏ సమయానికి మాట్లాడుకోవాలన్నది మొదట నేనే నిర్ణయించబోయాను. శుక్రవారం అక్కడ సెలవు కదా, మధ్యాహ్నం మాట్లాడండి అన్నాను. ఒక్క వారం కూడా నడవలేదు. ఇంటివాళ్ళకు సెలవంటే పనిమనిషికి రెట్టింపు పని. ఆ రోజు ఇరవైమంది భోజనానికి వస్తారట. ఆమె జీవితం ఎలా నడుస్తుందో తెలియకుండా ఆమె గడియారం నేను సర్దబోయాను. తర్వాత ఆమెనే అడిగితే తోవ చెప్పింది. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా ఇల్లంతా పడుకుంటుంది. అంటే ఇక్కడ సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర, చంటి బడి నుంచి వచ్చేసిన వేళ. ఫోన్ మాత్రం యజమానురాలు ఇవ్వాలి.

బడి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి ఇవ్వగలరా అని అడిగింది. కొడుకు టీచరు వారానికి రెండుసార్లు పగలు మాట్లాడమంటున్నారు, అని. ఇక్కడ తటపటాయించాను. ఆ కాగితం చూసి ఆ ఇంటివాళ్ళకు కోపం వస్తే నష్టపోయేది ఆమె. హెడ్మాస్టరు గారు సంతకం పెట్టారు, ఫొటో తీసి పంపాం, చూపించాలా వద్దా అన్నది ఆమెకే వదిలేశాం. పదిరోజులు చూపించలేదు. యజమానురాలి మనసు బాగున్న రోజు చూసి చూపించింది. ఆదివారం, బుధవారం ఇరవై నిమిషాలు దొరికాయి.

మిగతా రోజులకు వాయిస్ మెసేజ్‌లు. ఆమె రాత్రి పదకొండుకు చెప్పాలనుకున్నది రికార్డు చేస్తుంది, చంటి పొద్దున లేచాక విని బడికొచ్చే దారిలో జవాబు చెబుతాడు. మొదటి వారం ఒకటిన్నరకే లేచి మెసేజ్ వచ్చిందో లేదో చూసుకున్నాడు. కోప్పడలేదు. శనివారం రాత్రి మాత్రం పాత పద్ధతే ఉంచాం, తెల్లారితే ఆదివారం కాబట్టి. అన్నీ ఒక్కసారి మార్చేస్తే రెండో రోజే విరిగిపోతుందని నా భయం, ఆ ఒక్క రాత్రి ఉన్నందుకే మిగతావి నిలబడ్డాయని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అన్నిటికన్నా పెద్ద పని తల్లి మాట వినడానికి ఒక పెద్ద మనిషిని వెతకడం. పిల్లవాడి మీది బరువు దించాలంటే ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకోవాలి. పక్క ఊళ్ళో ఎనిమిదేళ్ళు కువైట్‌లో చేసి తిరిగొచ్చిన ఒకామె ఉంది. తల్లి ఒప్పుకున్నాక ఇద్దరినీ కలిపాం. జీతం సంగతి, కాలిన చేయి సంగతి ఇక ఆమెతో చెప్పుకునేది. కువైట్‌లోని మన రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ద్వారా ఫిర్యాదు చేయొచ్చని వివరాలు ఆమె ద్వారానే పంపాం. తల్లి ఫిర్యాదు చేయలేదు. చేస్తే వెనక్కి పంపేస్తారని, అప్పు అలాగే ఉంటుందని భయపడింది. మాకు అది బాధగా అనిపించినా, నిర్ణయం తీసుకోవాల్సింది ఆమె. ఫిబ్రవరిలో రెండు నెలల జీతం ఇచ్చారు. మూడోది ఇవ్వలేదు.

బడిలో ఒక ఏర్పాటు చేశాం. నిద్ర సరిపోని రోజున ప్రార్థన సమయంలోనూ మొదటి పీరియడ్ సగం దాకానూ ల్యాబ్ గదిలో పడుకోవచ్చు. "బడా, సత్రమా?" అని ఒకరన్నారు. వాళ్ళ అభ్యంతరంలోనూ న్యాయం ఉంది, మిగతా పిల్లలు అడుగుతారు. రెండో పీరియడ్‌లో నలభై మంది ముందు నిద్రపోవడం కన్నా ఇరవై అయిదు నిమిషాలు చాప మీద పడుకోవడం వల్ల పోయే పాఠం తక్కువని చెప్పి, నెలరోజులకే అని మాట ఇచ్చి ఒప్పించాను. మొత్తం తొమ్మిది సార్లు వాడుకున్నాడు.

ఇక్కడే ఇంకో పొరపాటు చేశాను. ఏర్పాటు ఎందుకో చెప్పేటప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అవసరమైనదానికన్నా ఎక్కువ చెప్పాను. వారం తిరక్కుండా ఒక టీచరు మంచి ఉద్దేశంతోనే క్లాసులో అన్నారు: "వాళ్ళమ్మ కువైట్‌లో ఎంత ఏడుస్తుందో తెలుసా? మీరంతా చంటిని చూసి నేర్చుకోండి." చంటి రెండు రోజులు బడికి రాలేదు. ఆ టీచరును నేను తప్పుపట్టలేను, ఆ మాట అక్కడికి చేరింది నా నోటి నుంచే. ఇంటికి వెళ్ళి రెండోసారి క్షమాపణ చెప్పాను. ఈసారి అతను నన్ను చాలాసేపు నిలబెట్టాడు. నిజానికి తోటి టీచర్లకు కావలసింది ఒక్క వాక్యం: "రాత్రిపూట ఇంట్లో ఒక బాధ్యత ఉంది, ఈ నెల నిద్ర విషయంలో ఏమీ అనకండి." ఇప్పుడు ఏ కేసులోనైనా ఆ వాక్యం ముందు కాగితం మీద రాసుకుని, పిల్లలకు చూపించి, వాళ్ళు సరే అన్నాకే స్టాఫ్‌రూమ్‌లో చెబుతాను.

రంజాన్ నెల

మార్చిలో చంటి బాగా తేరుకున్నాడు. క్లాసులో ఒక్కసారి కూడా నిద్రపోలేదు, చేయెత్తి ప్రశ్నలు అడిగాడు. మా ఏర్పాటు ఫలించిందని రికార్డులో రాయబోయాను. శుక్రవారాల సంగతి గుర్తొచ్చి ఆగి, అతన్నే అడిగాను. రంజాన్ నెల మొదలైంది. కువైట్ ఇళ్ళలో ఆ నెల రాత్రంతా మెలకువే, తెల్లారుజామున సహరీ (ఉపవాసానికి ముందు భోజనం) తినేదాకా వంటిల్లు నడుస్తుంది. తల్లికి తీరికయ్యేసరికి మనకు ఏడు కావస్తుంది. రాత్రి మెసేజ్ కూడా రాదు కాబట్టి చంటి ఏకంగా తెల్లారేదాకా పడుకుంటున్నాడు. అప్పుడే మాకు ఒంటిపూట బడులు మొదలయ్యాయి, ఏడూ నలభై అయిదుకల్లా రావాలి. పళ్ళు తోముకుంటూ, చొక్కా వేసుకుంటూ మాట్లాడి పరిగెత్తుకొచ్చేవాడు. అటు తల్లికి ఆ నెలే అన్నిటికన్నా కష్టమైన నెల. కొడుకు బాగుపడటం, తల్లి నలిగిపోవడం ఒకే కారణం వల్ల జరిగాయి. రికార్డులో ఆ రెండూ పక్కపక్కనే రాశాను.

రంజాన్ అయ్యాక ఏమవుతుందోనని భయపడ్డాను. సెలవులకు ముందు మిగిలిన కొద్దిరోజుల్లో రాత్రి లేవడం వారానికి రెండుసార్లకు తగ్గింది. వార్షిక పరీక్షల్లో లెక్కల్లో మార్కులు మునుపటి స్థాయికి రాలేదు గాని పాసయ్యాడు. వాలీబాల్ మళ్ళీ మొదలుపెట్టాడు. పదో తరగతి మొదట్లో ఒకసారి తగ్గాడు, ఆ వారం తల్లికి జ్వరం. ఈసారి తనే వచ్చి చెప్పాడు.

ఇప్పుడు జూలైలో పిల్లల వివరాలు రాసుకునేటప్పుడు "తల్లి: కువైట్" దగ్గర ఆగి, ఇంకో రెండు ప్రశ్నలు వేస్తున్నాను. ఎప్పుడు మాట్లాడుకుంటారు? ఫోన్ ఎవరెత్తుతారు? గత ఏడాది ఒక అమ్మాయి రెండో ప్రశ్నకు "నేనేనండి, తమ్ముడు పడుకున్నాక" అంది. ఫోన్ వాడకం మీద తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడేటప్పుడు కూడా, తాళం వేసే ముందు అవతల ఉన్నది ఎవరో కనుక్కోండి అని చెబుతున్నాను.

రెండేళ్ళ ఒప్పందం ముగిశాక తల్లి సెలవు మీద వచ్చింది. బడికి వచ్చి హిందీ టీచరు గారినీ నన్నూ కలిసింది. చేతి మీద కాలిన మచ్చ ఉంది. చంటి ఇప్పుడు ఎలా పడుకుంటున్నాడని అడిగాను. తను వచ్చి పన్నెండు రోజులైంది, ఇప్పటికీ రాత్రి ఒకటిన్నరకు లేస్తున్నాడట. లేచి, చాప మీద పక్కనే పడుకున్న తల్లి కేసి చూసి, మళ్ళీ పడుకుంటాడట. మూడు నెలల్లో ఆమె మళ్ళీ వెళ్ళాలి. అప్పు ఇంకా లక్షా పదివేలు ఉంది.